ఏ పేటలో కాపురముండుదుము?

(కుటుంబముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



పాస్టరుగారు మమ్ములను పిలిచి, "మీరిద్దరును పట్నములో అయిదు ఇండ్లు మారినారు గదా, క్రొత్తగా కాపురము పెట్టుచున్న మన పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అనినప్పుడు మేము కొంచెము వెనుకాడితిమి. ఇల్లు మారుట గొప్ప విద్య కాదు. అందులో మేము చేసిన తప్పులే ఎక్కువ. అయినను వివాహ జీవితమును గూర్చియు పిల్లల పెంపకమును గూర్చియు మన కూడికలలో ఎన్నో ప్రసంగములు వింటిమి గాని, ఆ కాపురము ఏ వీధిలో పెట్టవలెనన్న మాట ఎవరైనను ఎత్తినట్లు మాకు జ్ఞాపకము లేదు. అది బ్రోకరుకును జీతమునకును విడిచిపెట్టిన సంగతి అయిపోయినది. అందుచేత ఒప్పుకొంటిమి. మాలో ఒకరు చెప్పుచుండగా ఇంకొకరు సరిదిద్దుచుందురు. మా ఇంట ఏ మాటయైనను అట్లే నడచును, మీరు ఓర్చుకొనవలెను.

మన డయాసిస్‌కు నూరేండ్లు నిండిన ఈ దినములలో అందరమును తాతలను జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఆ తాతలు ఎక్కడ నివసించవలెనో వారు నిర్ణయించుకొనలేదు. ఊరు నిర్ణయించినది. ఊరికి అవతల, మంచినీళ్ళ బావికి దూరముగా వారి వాడ ఉండెడిది. మా తాతగారి పల్లెలో వాన కురిసినయెడల ఊరి నీరంతయు మన వాడలోనికే దిగి వచ్చెడిది. అక్కడ కొంచెము మెరకగా ఉన్నది మన దేవాలయమొక్కటే. పెద్దవాన రాత్రులలో వాడలోని పిల్లలు, ముసలివారు, మేకపిల్లలు సహా గుడిలోనే పడుకొనెడివారని మా నాయనమ్మ చెప్పెడిది. ఆమె దృష్టిలో గుడి అనగా మొదట తడవని చోటు. ఎక్కడ ఉండవలెనని నేడు మనము కూర్చుండి ఆలోచించుకొనుచున్నామంటే, ఆ స్వేచ్ఛ మన కుటుంబములకు వచ్చి రెండు తరములకు మించలేదు. కనుక దానిని తేలికగా వాడుకొనరాదని మా మనవి.

పరిశుద్ధ గ్రంథములో పేట ఎంచుకొన్న మనుష్యుడెవరని అడిగినచో మొదట లోతు జ్ఞాపకమునకు వచ్చును. ఆదికాండము 13వ అధ్యాయము. అతడు కన్నులెత్తి చూచినాడు, యొర్దాను మైదానములో నీళ్ళు సమృద్ధిగా ఉన్నవని కనుగొన్నాడు, అటే వెళ్ళినాడు. ఆదివారపు బడిలో ఈ పాఠము చెప్పునప్పుడెల్ల మేము లోతును నిందించుచుంటిమి. పట్నములో రెండు ఎండాకాలములు గడిపిన తరువాత ఆయనమీద జాలి కలిగినది. పశువులున్నవాడు నీళ్ళు చూడక ఏమి చూచును? లోతు తప్పు నీళ్ళు చూచుటలో లేదనియు, నీళ్ళు మాత్రమే చూచి అక్కడి మనుష్యులను గూర్చి ఎవరినీ విచారింపకపోవుటలో ఉన్నదనియు మాకు తోచుచున్నది. వేదశాస్త్రము చదివినవారు ఇక్కడ ఉన్నారు. మేము పొరపడినచో వారు సరిదిద్దుదురు గాక.

నీళ్ళ సంగతియే ముందు చెప్పుకొందము. మేము 1986లో హైదరాబాదు వచ్చి, సికింద్రాబాదు స్టేషనుకు దగ్గరగా చిలకలగూడలో ఒక గది కిరాయికి తీసికొంటిమి. గది బాగున్నది, గాలి వచ్చుచున్నది, కిరాయి మా జీతమునకు తగినది. ఇంతయే చూచితిమి. నల్లా ఎప్పుడు వచ్చునని అడుగనేలేదు. పల్లెలో బావి ఎప్పుడు వచ్చునని ఎవరైనను అడుగుదురా? మొదటి వారములోనే తెలిసినది: తెల్లవారు జామున నాలుగు గంటలకు వచ్చును, అరగంటలో పోవును, ఏడు కుటుంబములకు ఒక్క నల్లా. ఆ క్యూలోనే మేము పట్నపు తెలుగు నేర్చుకొంటిమి, ఉర్దూ మాటలు కూడ నేర్చుకొంటిమి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో కట్టిన నాటి పట్టణము వేరు. తరువాత మంజీర నీరు తెచ్చిరి. 2004లో కృష్ణ, 2015లో గోదావరి వచ్చినవి. ఇన్ని నదులు వచ్చినను ఒక వీధిలో నీరు నిండుగా వచ్చి, ప్రక్క వీధిలో ఎండాకాలమంతయు ట్యాంకరు కొరకు ఎదురుచూచుట నేటికిని ఉన్నది. కనుక "నీళ్ళున్నవా?" అని అడుగవద్దు. ఉన్నవనియే చెప్పుదురు. "ఏ గంటకు వచ్చును? ఎన్ని దినములకొకమారు? మే నెలలో ట్యాంకరు తెప్పించినారా? బోరు ఎన్ని అడుగులు?" అని అడుగుడి. యజమానిని కాదు, పై అంతస్తులో కిరాయికున్న ఇల్లాలిని అడుగుడి.

నీరు రాకపోవుట ఒక బాధ. రాకూడని చోటికి వచ్చుట అంతకంటె పెద్ద బాధ. 1992లో, అమ్మాయి పుట్టిన తరువాత, ఒక గది చాలక రామంతాపురము వైపు రెండు గదుల ఇంటికి మారితిమి. ఇల్లు క్రొత్తది, కిరాయి మాత్రము చుట్టుప్రక్కల కంటె తక్కువ. ఎందుకు తక్కువయో అడుగుటకు బదులు ప్రభువునకు స్తోత్రము చెల్లించితిమి. ఎనిమిదేండ్లు ఏమియు కాలేదు. 2000వ సంవత్సరము ఆగస్టు 24న నగరములో కురిసిన వాన మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. తెల్లవారక మునుపే మంచము క్రింద చెప్పులు తేలుచున్నవి. బీరువా అడుగు అరలోనున్న మా పెండ్లి ఫోటోలు, మా నాయనమ్మ ఇచ్చిన పాత బైబిలు, అమ్మాయి పుస్తకములు అన్నియు ముద్దయైపోయినవి. మధ్యాహ్నము మేడమీద నిలువబడి చూడగా మా వీధియంతయు పూర్వమేమైయుండెనో స్పష్టముగా కనబడినది. అది కుంట. ఆ దినము తన ఆకారమును తాను మరల చూపించుకొనినది. ఇల్లు కట్టినవారికి అది తెలియక కాదు, కిరాయి తగ్గించినవారికి తెలియక కాదు. అడుగనిది మేమే.

హైదరాబాదులో పేర్లే సగము చెప్పును. నల్లకుంట అందురు, తలాబ్‌కట్ట అందురు, మాసాబ్‌ట్యాంక్ అందురు. మాసాబ్‌ట్యాంకులో ఇప్పుడు చెరువు లేదు, పేరు మాత్రము మిగిలినది. అంబరుపేటలో పూడిపోయిన బతుకమ్మకుంటను 2025లో త్రవ్వగా నీరు పైకి వచ్చినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు వేలమంది కొట్టుకొనిపోయిరి. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కినవారు బ్రదికిరని నేటికిని ఆ చెట్టును చూపింతురు. 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి క్రిందనున్న కాలనీలు మునిగినవి. ఆ కాలనీలలో జీవితమంతయు కూడబెట్టి ఇల్లు కట్టుకొన్నవారే ఎక్కువ. చెరువు నిండినప్పుడు నీరు ఎంతవరకు నిలుచునో ఆ హద్దును ఎఫ్.టి.ఎల్. అందురు. దాని వెలుపల కూడ, పది హెక్టారులు లేక అంతకు మించిన చెరువునకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా విడువవలెనని నిబంధన. 2024 జూలైలో హైడ్రా అను సంస్థ ఏర్పడిన తరువాత చెరువులలో కట్టినవని అనేక కట్టడములను కూలద్రోసిరి. ఆ హద్దుల న్యాయాన్యాయములు కోర్టులు తేల్చును గాని, ఇల్లు కొనకముందు ఆ పటము చూచు బాధ్యత మనదే. హెచ్.ఎం.డి.ఏ. వద్ద చెరువుల పటములున్నవి. దస్తావేజులు, ఈ.సి., రెరా నంబరు చూడవలెనని మీకందరికి తెలుసు. మన సంఘములో వకీళ్ళున్నారు, వారిని అడుగుడి. మేము చెప్పదలచినది కాగితములో కనబడనిదానిని గూర్చి.

అది చూచుటకు కన్నులును, కొంచెము తీరికయు కావలెను. ఇల్లు చూపించువాడు మిమ్ములను ఆదివారము పదకొండు గంటలకు రమ్మనును. ఎండ కాయుచుండును, వీధి నిమ్మళముగా ఉండును. మీరు ఆరాధన మానుకొని వెళ్ళవద్దు. అది ఒక కారణము. రెండవ కారణము, ఆ గంటలో ఏ పేటయైనను మంచిదే. వాన కురిసిన మరునాడు వెళ్ళుడి. ప్రహరీ గోడలమీద నీటి చార ఎంత ఎత్తున ఉన్నదో చూడుడి. గడపలు ఇటీవల ఎత్తు చేసినారా? గేటు ముందు ఇసుక మూటలున్నవా? మోరీ మూతలు ఉన్నవా, లేక కొమ్మ గ్రుచ్చి గుర్తు పెట్టినారా? తరువాత ఇస్త్రీ బండి దగ్గర నిలువబడుడి. ఇస్త్రీ చేయువానికి ప్రతి ఇంటి సంగతియు తెలియును. కిరాణా కొట్టులో సబ్బు కొని మాట కలుపుడి. మేము ఒకసారి ఒక కొట్టు ముసలాయనను, "పెద్దాయనా, ఈ గల్లీ మంచిదేనా?" అని అడిగితిమి. ఆయన మా ముఖములు చూచి, "వానకాలం రా సారూ, అప్పుడు జూడు" అనినాడు. ఆ ఒక్క మాటకు మేము ఆయనకు ఋణపడియున్నాము.

రాత్రి ఎనిమిది గంటలకు ఒకమారు వెళ్ళుడి. అమ్మాయిలు ట్యూషనునుండి నడచి వచ్చుచున్నారా, లేక అన్నయో తండ్రియో మూలమీద కాచుకొనియున్నాడా? ఈ ప్రశ్న మాలో స్త్రీ అయిన వారు చేర్చినది. పురుషులైన వారికి అయిదిండ్లు మారినను తోచలేదు.

బస్సు, మెట్రో, బడి, ఆస్పత్రి, వీటిని గూర్చి మీరే మాకంటె బాగుగా విచారింతురు. 2017 నవంబరులో మెట్రో వచ్చిన తరువాత దూరముల లెక్కయే మారినది. ఆస్పత్రి విషయములో మాత్రము ఒక్క మాట: ఎంత పెద్దది అని కాదు, రాత్రి రెండు గంటలకు ఆటో దొరకునా అని చూడుడి.

ఇప్పుడు చెప్పుటకు కష్టమైన సంగతి. పేటను మనము పరీక్షించుచున్నామనుకొందుము. పేటయు మనలను పరీక్షించును. ఒకసారి ఇల్లు నచ్చినది, అడ్వాన్సు ఇచ్చితిమి, పాలు పొంగించు దినము కూడ అనుకొంటిమి. ఇంటి యజమాని మర్యాదస్థుడే. కాఫీ ఇచ్చి, "మీరేమిట్లు సార్?" అనెను. క్రైస్తవులమంటిమి. "అది సరే సార్, అంతకు ముందు?" అనెను. మాలో ఒకరు నేల చూచిరి, ఒకరు సమాధానము చెప్పిరి. మరునాడు అడ్వాన్సు మరల వచ్చినది. ఊరినుండి తమ అబ్బాయి వచ్చుచున్నాడట. "అంతకు ముందు" అను ఆ రెండు మాటలు మన నూరేండ్ల చరిత్రను మాముందు నిలువబెట్టినవి. మూడు తరముల క్రిందట బాప్తిస్మము పొందినవారము, డిగ్రీలు చదివినవారము, ఆ కాఫీ గ్లాసు పట్టుకొని మరల ఊరి అవతల నిలువబడితిమి.

దానిని గూర్చి ఎక్కువ మాటలాడము. కాని ఇదే ప్రశ్నను, మాటలు మార్చి, ఇల్లు కట్టుకొన్న మనవారు అడుగుట కూడ వింటిమి. ఒక ముస్లిము కుటుంబము కిరాయికి అడుగగా మన సభ్యుడొకరు మా సలహా కోరిరి. "మీ ఇష్టము" అని తప్పించుకొంటిమి. ఆయన ఇవ్వలేదు. ఆ దినము మేము చెప్పవలసినది చెప్పలేదు, అది ఇక్కడ ఒప్పుకొనుచున్నాము. చిలకలగూడ క్యూలో మా బిందెను తన బిందెకు ముందు పెట్టి, "బాలింతరాలు, ముందు పట్టుకోనియ్యండి" అని అందరితో పోట్లాడినది ఎవరనుకొన్నారు? ఒక ముస్లిము అక్కయే.

2000 వానలో తడిసిన తరువాత మాకు బుద్ధి వచ్చినదనుకొంటిమి. మెరకగా ఉన్న మంచి కాలనీలో మూడవ అంతస్తు ఫ్లాటు తీసికొంటిమి. ఇరువదినాలుగు గంటలు నీళ్ళు, లిఫ్టు, వాచ్‌మన్, గేటు. ఎవరి తలుపు వారు వేసికొందురు. అప్పటికి మా అమ్మ (మాలో ఒకరికి అత్తగారు) మా దగ్గర ఉండెను. ఆమెకు ఆ ఇల్లు నచ్చలేదు. "ఇక్కడ మనుషులున్నరా బిడ్డా?" అని అడిగెడిది. మేము నవ్వెడివారము. 2003లో ఒక దినము మేము ఇద్దరమును బడికి వెళ్ళిన తరువాత ఆమె స్నానాల గదిలో జారి పడినది. తొమ్మిదిన్నరకు పడినది, మేము అయిదింటికి వచ్చితిమి. పిలిచినదట. ప్రక్క ఫ్లాటులో మనుష్యులున్నారు, టి.వి. మ్రోగుచున్నది. వారిని నిందింపము, మూడేండ్లలో మేమును వారి తలుపు ఒక్కసారియైనను తట్టలేదు. తుంటి ఎముక విరిగినది. ఆపరేషను తరువాత ఆమె నడచినది గాని మునుపటివలె నడువలేదు.

ఆస్పత్రి మంచము ప్రక్కన కూర్చుండి జెకర్యా గ్రంథము 8వ అధ్యాయము చదివితిమి. కావలెనని తెరచినది కాదు, ఆ దినపు పాఠము అది. యెరూషలేము మరల బాగుపడుననుటకు ప్రవక్త చూపిన గురుతు చూడుడి: కఱ్ఱ పట్టుకొన్న ముసలివారు వీధిలో కూర్చుండుట, చిన్నపిల్లలు అదే వీధిలో ఆడుకొనుట. ఇన్నేండ్లు చదివినను అది ఇల్లు వెదకువారికి వ్రాసినట్లు ఎన్నడును మాకు కనబడలేదు. ఆలోచించుడి, ముసలివాడు వీధిలో కూర్చుండవలెనంటే ఏమేమి కావలెను? కూర్చుండుటకు అరుగు కావలెను, నీడ కావలెను, లారీ వచ్చి మీద పడకూడదు, మోరీ వాసన రాకూడదు, పలుకరించు మనిషి కావలెను. పిల్లలు ఆడుకొనవలెనంటే తల్లులకు భయము ఉండకూడదు. ఎన్ని ప్రశ్నలు వేసినను తేలనిది సాయంత్రము ఆరు గంటలకు ఆ వీధి చూచిన తేలును.

అటుతరువాత అమ్మను తీసికొని మరల పాత బస్తీవంటి చోటికే, ముషీరాబాదు వెనుక గల్లీలోనికి మారితిమి. చుట్టములు నవ్విరి. అక్కడ వాకిలి ముందే అరుగు. ఉదయము తొమ్మిదింటికి అమ్మ బయట కనబడకపోయిన యెడల, ఎదురింటి పెద్దమ్మ "ఏం వదినా, లేవలేదా?" అని కేక వేసెడిది. గోప్యము అనునది లేదు, మా కూరలో ఉప్పు ఎక్కువైనను నాలుగిండ్లకు తెలిసెడిది. మైకుల గోల, దోమలు, ఇరుకు, అన్నియు ఉన్నవి. మాలో ఒకరికి ఆ ఇల్లు చివరివరకు నచ్చలేదు, అది కూడ చెప్పుట న్యాయము. అమ్మ అక్కడ అయిదేండ్లు బ్రదికి, ఆ అరుగుమీదనే చాల దినములు గడిపినది. ఆమెను సమాధి చేసిన దినమున మన సంఘము కంటె ఆ గల్లీవారే ఎక్కువమంది వచ్చిరి.

దేవాలయమునకు ఎంత దూరములో ఉండవలెనని పాస్టరుగారు తప్పక అడుగుదురు గనుక చెప్పుచున్నాము. రామంతాపురము వైపున్న ఎనిమిదేండ్లలో రెండు బస్సులు మారి గుడికి వచ్చెడివారము. మేము వచ్చితిమి గాని, అమ్మాయి ఆదివారపు బడికి నెలకు రెండుసార్లు మాత్రమే వచ్చినది. అది తరువాత పూడ్చలేకపోతిమి. అట్లని మనవారందరు గుడిచుట్టు చేరి ఒక వాడ కట్టుకొనవలెనా? వాడనుండి బయటికి వచ్చుటకే గదా నూరేండ్లు పట్టినది. ముసలితనములో నడచి రాగల దూరము అయినచో మేలు. అంతకు మించి నియమము పెట్టము.

ఇంకొకటి మా మనస్సును పొడుచుచున్నది. మంచి పేట వెదకుట మంచిదే. మరి మంచిది కాని పేటలో ఎవరుందురు? నెహెమ్యా 11వ అధ్యాయములో యెరూషలేము నగరములో ఉండుటకు జనము ముందుకు రాలేదు; పదిమందిలో ఒకరు వెళ్ళవలెనని చీట్లు వేసిరి; ఇష్టపూర్వకముగా వెళ్ళినవారిని జనులు దీవించిరి. చిలకలగూడలో మేము సాయంకాలము పదునాలుగుమంది పిల్లలకు లెక్కలు, తెలుగు చెప్పెడివారము. 1992లో మేము మారిన దినముననే అది ఆగిపోయినది. చాలయేండ్లకు మార్కెట్టులో ఒక తల్లి ఎదురై, "మీరు పోయినంక మల్ల ఎవ్వరు రాలేదు టీచరమ్మా" అనినది. ఆమె కొడుకు ఎనిమిదవ తరగతిలో మానివేసినాడట. ఆ పేట పిల్లలకు మంచిదా కాదా అన్న ప్రశ్నకు సమాధానములో కొంత భాగము మేమే అయియుంటిమి. అది లెక్కలో వేసికొనక సామాను లారీకి ఎక్కించితిమి. మీరు వెళ్ళవద్దని చెప్పుట లేదు. మేము వెళ్ళితిమి గనుక ఆ మాట అనుటకు మాకు అధికారము లేదు.

ఇప్పుడు మా అమ్మాయియు అల్లుడును ఔటర్ రింగు రోడ్డు దాటిన చోట, పదునాలుగు అంతస్తుల కట్టడములో ఫ్లాటు చూచినారు. బ్యాంకు అప్పు సిద్ధముగా ఉన్నది. ఈత కొలను ఉన్నదట, నడచుటకు బాట ఉన్నదట. చెరువుల పటము అల్లుడు తానే చూచినాడు. హద్దు బయటనే ఉన్నది. మెరకయే. మాకు కూడ ఒక గది ఉంచెదమని చెప్పుచున్నారు. అమ్మాయి మమ్ములను, "ఏమంటారు నాన్నా, అమ్మా నువ్వు చెప్పు" అని వారమునుండి అడుగుచున్నది. మాలో ఒకరు కొనుమనుచున్నారు, ఒకరు ఇంకను ఏమియు చెప్పలేదు. వచ్చు శనివారము మధ్యాహ్నము అందరమును కలిసి వెళ్ళుచున్నాము. వారు లోపల ఇల్లు చూతురు. మేము గేటు బయట, కొట్టు ఏదైనను ఉన్నచో అక్కడ, ఆరు గంటల వరకు కూర్చుందుము.